యూకేలో జీతంలోంచి పెన్షన్ కట్ అయిందా? ఆ మొదటి నెలలోనే చేయాల్సిన పనులు

మొన్న ఒక తమ్ముడు పేస్లిప్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు, "అన్నా ఈ 59 పౌండ్లు ఎందుకు కట్ చేశారు, నేను ఎక్కడా సంతకం కూడా పెట్టలేదే" అని. వీసా మీద వచ్చిన మనవాళ్లందరికీ మొదటిసారి వచ్చే డౌటే ఇది. సంతకం అక్కర్లేదు తమ్ముడూ, అందుకే దాన్ని ఆటో ఎన్‌రోల్‌మెంట్ అంటారు. 2008లో పెన్షన్స్ యాక్ట్ చేసి, 2012 అక్టోబర్ నుంచి పెద్ద కంపెనీలతో మొదలుపెట్టి 2018 కల్లా చిన్న షాపుల దాకా అందరికీ పెట్టేశారు, మనం వద్దని చెప్తే తప్ప మనల్ని పెన్షన్‌లో చేర్చడం ఎంప్లాయర్ బాధ్యత.

సరే, ఇక్కడ మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఒకటుంది, దీన్ని ఇండియాలో పీఎఫ్ లాంటిదే అనుకోవడం. పీఎఫ్ అయితే ఉద్యోగం మానేశాక యూఏఎన్‌లో లాగిన్ అయ్యి క్లెయిమ్ పెట్టుకోవచ్చు. ఇక్కడ అలా కుదరదు, ఒకసారి లోపలికెళ్లిన డబ్బు మామూలుగా 55 ఏళ్లు వచ్చేదాకా బయటికి రాదు, 2028 ఏప్రిల్ 6 నుంచి ఆ వయసు 57 అవుతుంది, ఇప్పుడు పాతికేళ్లున్న వాళ్లు 57 అనే లెక్కేసుకోండి. పూర్తిగా వెనక్కి తీసుకునే దారి ఒక్కటే, అది కూడా ఒక్క నెల మాత్రమే తెరిచి ఉంటుంది. అందుకే ఉంచాలా తీసేయాలా అనేది ఆ నెలలోనే తేల్చుకోవాలి, తర్వాత చూద్దాంలే అంటే నిర్ణయం మీది కాదు, క్యాలెండర్‌ది.

ముందు మీరు లెక్కలోకి వస్తారో లేదో చూసుకోండి

వయసు 22 దాటి, స్టేట్ పెన్షన్ (ప్రభుత్వమిచ్చే పెన్షన్) వయసు లోపు ఉండి, యూకేలో పనిచేస్తూ, ఒకే ఎంప్లాయర్ దగ్గర ఏడాదికి 10,000 పౌండ్లు పైన వస్తే మిమ్మల్ని చేర్చి తీరాలి. ఈ 10,000 అనేది 2014 నుంచీ అలాగే ఉంది, జీతాలు పెరిగినా దాన్ని పెంచలేదు. అయితే ఏడాది చివర్లో కూర్చుని లెక్కేయరు, ప్రతి పే పీరియడ్‌కీ చూస్తారు, అంటే నెల జీతమైతే 833 పౌండ్లు, వారం జీతమైతే 192 దాటిందా లేదా అని. క్రిస్మస్ టైమ్‌లో వేర్‌హౌస్‌లో ఓవర్‌టైమ్ కొట్టి ఒక్క నెల 833 దాటినా చేర్చేస్తారు, ఏడాది మొత్తం మీద మీది 8,000 అయినా సరే.

స్టూడెంట్ వీసా వాళ్లు "మాది 20 గంటలే కదా, మాకేం పెన్షన్" అంటారు. లెక్క చూడండి, 2026 ఏప్రిల్ నుంచి 21 దాటిన వాళ్లకి కనీస వేతనం గంటకి 12.71, ఇరవై గంటలకి 254.20, వారానికి 192 ఎప్పుడో దాటిపోయింది. కాబట్టి ఎంఎస్సీ చేస్తూ కేర్ హోమ్‌లోనో సూపర్‌మార్కెట్‌లోనో పనిచేసే 23 ఏళ్ల కుర్రాడు కూడా లోపలికి వస్తాడు.

రెండు చోట్ల పార్ట్‌టైమ్ చేస్తే మాత్రం ఎవరి లెక్క వాళ్లదే. ఇక్కడ 8,000, అక్కడ 8,000 వస్తే మొత్తం 16,000 అయినా ఏ ఒక్కరూ మిమ్మల్ని చేర్చాల్సిన పని లేదు. కానీ 6,240 నుంచి 10,000 మధ్య వచ్చేవాళ్లు, ఇంకా 22 నిండని వాళ్లు "నన్ను చేర్చండి" అని రాసిస్తే చేర్చాలి, ఎంప్లాయర్ వాటా కూడా వేయాలి. ఇది మనవాళ్లలో చాలామందికి తెలీదు, ఒక మెయిల్ కొడితే అయిపోయే పని. 6,240 కన్నా తక్కువైతే చేరొచ్చు గానీ ఎంప్లాయర్ పైసా వేయకపోయినా అడగలేం. 2023లో ఇంకో చట్టం చేశారు, వయసుని 18కి దించడానికీ ఆ 6,240 అడ్డు తీసేయడానికీ ప్రభుత్వానికి పవర్ ఇస్తూ, అమల్లోకైతే ఇంకా తేలేదు.

ఇండియా కంపెనీ పంపితే కొన్నాళ్లకి వచ్చి, కాంట్రాక్టు అక్కడే ఉండి, తిరిగి వెళ్లిపోయేవాళ్లు దీంట్లోకి రాకపోవచ్చు, మామూలుగా పనిచేసే చోటు ఏదనేది చూస్తారు. మీ పీఎఫ్ అక్కడ నడుస్తూ ఇక్కడ పేస్లిప్‌లో ఏమీ కట్ అవ్వకపోతే కంగారు పడకుండా హెచ్‌ఆర్‌ని ఒక మాట అడగండి.

పేస్లిప్ పక్కన పెట్టుకుని లెక్క చేయండి

కనీసం 8 శాతం లోపలికి వెళ్లాలి, అందులో ఎంప్లాయర్ది కనీసం 3, మిగతాది మీ వైపు నుంచి. 2019 ఏప్రిల్ నుంచి ఇదే రేటు. కానీ మొత్తం జీతం మీద కాదు, ఏడాదికి 6,240 నుంచి 50,270 మధ్య ఉన్న ముక్క మీదే. కొన్ని కంపెనీలు మొత్తం బేసిక్ మీద కట్ చేస్తాయి, మీ లెటర్‌లో ఏముందో చూడండి.

మనోడి పేస్లిప్పే తీసుకుందాం. నెలకి 2,000. అందులోంచి 520 (6,240ని 12 నెలలకి పంచితే వచ్చేది) తీసేస్తే 1,480. దాని మీద మీ వైపు 5 శాతంలో 4 శాతం, అంటే 59.20 జీతంలోంచి కట్ అయింది. మిగతా 1 శాతం ట్యాక్స్ రిలీఫ్ (పెన్షన్‌లో వేసిన డబ్బు మీద ట్యాక్స్ మినహాయింపు) కింద ప్రభుత్వం 14.80 కలుపుతుంది, ఎంప్లాయర్ 44.40 వేస్తాడు. మొత్తం 118.40. చూశారా, 59.20 కట్ అయితే అకౌంట్‌లో సరిగ్గా డబుల్ పడింది. ఇంకే చిట్టీలో వస్తుంది ఇలా, పాడిన నెలలోనే రెట్టింపు!

పేస్లిప్‌లో ఈఈ అని ఉంటే మీ వాటా, ఈఆర్ అని ఉంటే ఎంప్లాయర్ వాటా. ఈఆర్ లైన్ కొన్ని పేస్లిప్పుల్లో కనపడదు, అప్పుడు ప్రొవైడర్ (మీ పెన్షన్ డబ్బు చూసే సంస్థ) వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.

డబ్బు కట్ చేసే పద్ధతులు మూడున్నాయి, మీది ఏదో కనుక్కోండి. పైన చెప్పింది రిలీఫ్ ఎట్ సోర్స్, ట్యాక్స్ కట్టాక మిగిలిన దాంట్లోంచి తీస్తారు, 20 శాతం రిలీఫ్‌ని ప్రొవైడర్ తెచ్చి కలుపుతాడు, ట్యాక్స్ పడనంత తక్కువ జీతం ఉన్నా కలుపుతాడు. 50,270 దాటి 40 శాతం బ్రాకెట్‌లో ఉన్న ఐటీ వాళ్లు ఇక్కడ జాగ్రత్త, మిగతా 20 శాతం దానంతటది రాదు, హెచ్‌ఎంఆర్‌సీని, అంటే ఇక్కడి ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌ని అడిగి తీసుకోవాలి, ఏళ్ల తరబడి అడక్కుండా వదిలేసినవాళ్లని చాలామందిని చూశా. రెండోది నెట్ పే, ట్యాక్స్ వేయకముందే తీస్తారు, 40 శాతం వాళ్లకి అక్కడికక్కడే లాభం, ట్యాక్స్ పడని 12,570 లోపు వాళ్లకి మాత్రం రిలీఫ్ దొరికేది కాదు, 2024-25 నుంచి వాళ్లకి ప్రభుత్వం ఆ మేరకు విడిగా ఇస్తోంది. మూడోది శాలరీ సాక్రిఫైస్, జీతాన్నే ఆ మేరకు తగ్గించి దాన్ని ఎంప్లాయర్ పెన్షన్‌లో వేస్తాడు, దాంతో నేషనల్ ఇన్సూరెన్స్ (ఎన్‌ఐ, ట్యాక్స్‌తో పాటు జీతంలో కట్ అయ్యే ఇంకో వాటా) 8 శాతం కూడా మిగులుతుంది. అయితే దీనివల్ల చేతికిచ్చే జీతం కనీస వేతనం కన్నా కిందికి పోకూడదు కాబట్టి కనీస వేతనం మీద పనిచేసేవాళ్లకి ఇది ఇవ్వరు.

ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి, "నేను ఎక్కువ వేస్తే మీరూ ఎక్కువ వేస్తారా" అని. చాలా ఐటీ కంపెనీల్లో మీరు 5కి బదులు 6 వేస్తే వాళ్లు కూడా 6 వేస్తారు, అడిగినవాడికే. అంబ్రెల్లా కంపెనీ (కాంట్రాక్టర్లని తన ఉద్యోగులుగా పెట్టుకుని జీతం ఇచ్చే మధ్య కంపెనీ) కింద కాంట్రాక్టింగ్ చేసేవాళ్లకి మాత్రం ఈ తేరగా వచ్చే 3 శాతం కథ చెల్లదు, అక్కడ ఎంప్లాయర్ వాటా కూడా మీ రేటులోంచే తీస్తారు, అంటే మీ డబ్బే.

మొదటి మూడు నెలలు ఏమీ కట్ అవ్వకపోతే

అది మోసం కాదు, పోస్ట్‌పోన్‌మెంట్ అంటారు, మూడు నెలల దాకా ఆపుకునే హక్కు ఎంప్లాయర్‌కి ఉంది. కాకపోతే ఆరు వారాల్లోపు మీకు లెటర్ ఇచ్చి చెప్పాలి. ఆ మూడు నెలలూ మీరే మెయిల్ పెట్టి చేరొచ్చు, 6,240 పైన వస్తుంటే వాళ్ల వాటా వేయాల్సిందే. మూడు నెలలు దాటినా పేస్లిప్‌లో ఏమీ లేకపోతే, లేక జీతంలో కట్ చేసి ప్రొవైడర్ అకౌంట్‌లో మాత్రం పడకపోతే, ముందు పేరోల్‌కి రాతపూర్వకంగా అడగండి, తేలకపోతే ది పెన్షన్స్ రెగ్యులేటర్‌కి చెప్పొచ్చు, ఈ చట్టం అమలు చూసేది వాళ్లే.

లెటర్ పట్టుకోండి, అకౌంట్ తెరవండి

ఎంప్లాయర్ మిమ్మల్ని నెస్ట్‌లోనో, ది పీపుల్స్ పెన్షన్‌లోనో, స్మార్ట్ పెన్షన్, అవీవా, స్కాటిష్ విడోస్ ఇలాంటి ఏదో ఒక దాంట్లో వేస్తాడు, ప్రొవైడర్‌ని ఎంచుకునేది వాళ్లే. నెస్ట్ ప్రభుత్వం పెట్టించింది, ఏ ఎంప్లాయర్ వచ్చినా కాదనకుండా తీసుకోవాలి కాబట్టి చిన్న రెస్టారెంట్లు, కేర్ ఏజెన్సీల్లో ఎక్కువ అదే కనపడుతుంది.

లెటర్ ఎక్కడికి వస్తుందనేదే అసలు గొడవ. ఆరుగురు ఉండే ఇంట్లో తలుపు వెనకాల చాప మీద పిజ్జా పాంప్లెట్లు, పాత అద్దెవాళ్ల బ్యాంక్ కవర్లు, కౌన్సిల్ ట్యాక్స్ నోటీసులు అన్నీ కలిసి కుప్ప పడి ఉంటాయి, ఆ కుప్పలో మీ కవర్ కూడా ఒకటి. మీరు అప్పటికే రూమ్ మారిపోయి ఉంటారు. అందుకే జాయిన్ అయ్యే రోజే పేరోల్‌కి మీ సొంత జీమెయిల్ ఇవ్వండి, యూనివర్సిటీ మెయిల్ వద్దు, కోర్సు అయ్యాక అది పోతుంది.

ఇంకోటి మన పేర్ల సంగతి. ఇంటిపేరు ముందు రాసేవాళ్లు కొందరు, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ ఖాళీగా ఉన్నవాళ్లు కొందరు, మూడు ముక్కల పేరుని పేరోల్ అమ్మాయి ఎలా అర్థం చేసుకుంటే అలా కొట్టేస్తుంది. ఒక ఉద్యోగంలో ఇంటిపేరు ముందు, ఇంకో ఉద్యోగంలో వెనక. దానికి తోడు కొత్తగా వచ్చిన స్టూడెంట్స్ ఎన్‌ఐ నంబర్ రాకముందే పనిలో చేరిపోతారు, నంబర్ లేకుండానే పెన్షన్ అకౌంట్ తెరుచుకుంటుంది. కాబట్టి మొదటిసారి లాగిన్ అవ్వగానే నాలుగు చూడండి, పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉందా, పుట్టినతేదీ సరిగ్గా ఉందా, ఎన్‌ఐ నంబర్ ఎక్కిందా, అడ్రస్ ఇప్పటిదేనా. తప్పుంటే అప్పుడే దిద్దించండి, ముప్పై ఏళ్ల తర్వాత నేనే వాణ్ణి అని నిరూపించుకోవడం కన్నా ఇప్పుడొక ఫోన్ కాల్ సులువు.

అక్కడే నామినీ పెట్టే ఆప్షన్ ఉంటుంది, బెనిఫిషియరీ అనో ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ విష్ అనో రాసి ఉంటుంది. పెళ్లి కాకపోతే అమ్మానాన్నల పేర్లు వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టు ఇండియా అడ్రస్‌తో పెట్టండి. పెళ్లయ్యాక మార్చడం మర్చిపోకండి. మీకేమన్నా అయితే ఇంట్లోవాళ్లకి ఇలాంటి డబ్బు ఒకటుందని కూడా తెలీదు, కాబట్టి ప్రొవైడర్ పేరు ఇంట్లో ఒకరికి చెప్పి ఉంచండి.

ఫండ్ సంగతి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. ఏమీ ఎంచుకోకపోతే డిఫాల్ట్ ఫండ్‌లో వేస్తారు, దాని మీద ఏడాది ఛార్జీ 0.75 శాతం దాటకూడదని రూల్ ఉంది.

ఉంచాలా, తీసేయాలా

తీసేయాలంటే ఒక నెల టైమ్. మీరు మెంబర్ అయిన తేదీ, మీ చేతికి ఎన్‌రోల్‌మెంట్ లెటర్ వచ్చిన తేదీ, ఈ రెండిట్లో ఏది వెనకదో అక్కణ్ణుంచి లెక్క. ఆ లోపు ఆప్ట్ ఔట్ చేస్తే, అంటే పెన్షన్ వద్దని బయటికి వచ్చేస్తే, మీ దగ్గర కట్ చేసింది మొత్తం పేరోల్ ద్వారా వెనక్కిస్తారు. నెల దాటాక కూడా ఆపొచ్చు, కానీ అప్పటిదాకా వెళ్లింది లోపలే ఉండిపోతుంది.

ఆప్ట్ ఔట్ ఫారం మీరు ప్రొవైడర్ దగ్గర తీసుకోవాలి, ఎంప్లాయర్ దగ్గర కాదు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే కొందరు మొదటి రోజే పది ఫారాల మధ్యలో ఇదొకటి పెట్టి "ఇక్కడ కూడా సైన్ చెయ్" అంటారు, ఇంకొందరు "పెన్షన్ వద్దంటే గంటకి పది పెన్నీలు ఎక్కువిస్తా" అంటారు. రెండూ చట్టవిరుద్ధం. అసలు చేర్చకముందే ఆప్ట్ ఔట్ అనేదే లేదు. స్పాన్సర్‌షిప్ చేతిలో ఉంది కదా అని భయపడి సంతకం పెట్టేవాళ్లున్నారు, వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కనీసం ఆ ఫారం ఫొటో ఒకటి తీసి ఉంచుకోండి.

మరి తీసేయాలా? నా సంగతి చెప్తా. మొదటి ఉద్యోగంలో రూమ్మేట్ "రెండేళ్లలో వెళ్లిపోతాం, 57కి వచ్చేది ఎవడు తింటాడు, తీసెయ్" అన్నాడు, నేను కూడా మరో మాట లేకుండా తీసేశా. నా జీతం కూడా అప్పట్లో 2,000 దగ్గరే. ముప్పై నెలల తర్వాత ఒక ఆదివారం కూర్చుని లెక్కేస్తే, ఎంప్లాయర్ 44.40, ప్రభుత్వం 14.80, నెలకి 59.20 చొప్పున 1,776 పౌండ్లు వేరేవాళ్ల డబ్బు కాలదన్నుకున్నా. నా వాటాగా మిగిలిన డబ్బు ఏమైందంటే బిర్యానీలకి, టికెట్లకి పోయింది, దాచిందేమీ లేదు. రూమ్మేట్ ఇంకా ఇక్కడే ఉన్నాడు, ఇల్లు కూడా కొన్నాడు.

అలా అని అందరికీ ఉంచమని చెప్పను. ఇండియాలో 12 శాతం వడ్డీకి ఎడ్యుకేషన్ లోన్ ఉండి నెల కిస్తీకే కటకటలాడుతుంటే, కోర్సు అయ్యాక ఖాయంగా వెళ్లిపోతామనుకుంటే, వారానికి ఐదు పౌండ్లయినా మీకు ఇప్పుడే కావాలంటే తీసేయండి, తప్పు లేదు, కాకపోతే లెక్క చూసి తీసేయండి, రూమ్మేట్ చెప్పాడని కాదు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చి ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతి) దాకా ఉండాలనుకునేవాళ్లు తీసేస్తే మాత్రం నేను వద్దనే అంటాను.

తీసేసినవాళ్లు మనసు మారితే మళ్లీ అడిగి చేరొచ్చు, ఏడాదికి ఒకసారైనా ఎంప్లాయర్ ఒప్పుకోవాలి. మీరు అడక్కపోయినా మూడేళ్లకోసారి మళ్లీ చేరుస్తారు, రీఎన్‌రోల్‌మెంట్ అంటారు, అప్పుడు పేస్లిప్‌లో మళ్లీ కట్ కనపడితే ఆశ్చర్యపోకండి, మళ్లీ వద్దనుకుంటే మళ్లీ ఒక నెల టైమ్ మొదలవుతుంది.

వీసా మీద "నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్" (ప్రభుత్వ సాయం డబ్బు తీసుకోకూడదు) అని ఉంది కదా పెన్షన్ తీసుకుంటే ప్రాబ్లమ్ అవుతుందా అని కొందరు భయపడతారు. అవ్వదు, అది మీ జీతంలో భాగం, పబ్లిక్ ఫండ్స్ కాదు.

ఎన్‌హెచ్‌ఎస్‌లో (ప్రభుత్వ వైద్య సేవలో) చేసే నర్సులు, డాక్టర్లకి పైన చెప్పిన లెక్కలు సరిపోవు. వాళ్లది వేరే స్కీమ్, జీతాన్ని బట్టి ఏటా ఇంత పెన్షన్ అని గ్యారంటీ ఇచ్చేది, 2015 స్కీమ్‌లో ప్రతి ఏడాది జీతంలో 54వ వంతు పెన్షన్‌గా జమ అవుతుంది. రెండేళ్లు నిండకుండా మానేస్తే కట్టినదాన్ని రీఫండ్ అడగొచ్చు. ఈ రెండేళ్ల రీఫండ్ మాట విని ప్రైవేట్ కేర్ హోమ్ వాళ్లు కూడా మాకూ వస్తుందనుకుంటారు, నెస్ట్ లాంటి వాటికి అది లేదు.

ఉద్యోగం మారినా, దేశం వదిలినా

ఉద్యోగం మారితే పాత అకౌంట్ అక్కడే ఉంటుంది, కొత్తచోట కొత్తది. ఐదేళ్లలో నాలుగు ఉద్యోగాలు, నాలుగు లాగిన్లు. ప్రొవైడర్ పేరే మర్చిపోతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెన్షన్ ట్రేసింగ్ సర్వీస్ ఉంది, పాత ఎంప్లాయర్ పేరు కొడితే ఎవరిని అడగాలో చెప్తుంది, ఫ్రీ. గూగుల్‌లో పైన యాడ్స్‌లో అలాంటి పేర్లతోనే డబ్బులడిగే సైట్లు వస్తాయి, వాటి జోలికి పోవద్దు. నాలుగిటినీ కలిపి ఒక దాంట్లో వేసుకోవచ్చు, ఎన్‌హెచ్‌ఎస్ లాంటి గ్యారంటీ పెన్షన్‌ని మాత్రం కదిలించకండి.

వెళ్లిపోయేటప్పుడు "మీ యూకే పెన్షన్ ఇప్పుడే తీసిస్తాం" అని ఎవరైనా వస్తే నమ్మకండి. వయసు రాకముందు తీస్తే 55 శాతం దాకా ట్యాక్స్ పడుతుంది, పైగా వాడి కమీషన్, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. పెన్షన్ గురించి తెలియనివాళ్లు ఫోన్ చేసి అమ్మడం 2019 నుంచి ఇక్కడ నిషేధం, కాబట్టి కాల్ వచ్చిందంటేనే దొంగకాల్.

నేషనల్ ఇన్సూరెన్స్‌తో వచ్చే స్టేట్ పెన్షన్ వేరే, దీంతో కలపకండి. దానికి కనీసం 10 ఏళ్లు, పూర్తి మొత్తానికి 35 ఏళ్లు కావాలి, ఇండియాలో ఉండి తీసుకుంటే ఏటా పెరగదు, మొదట ఎంత వచ్చిందో అంతే. ఎన్నేళ్లు పడ్డాయో వెళ్లేముందు ఒకసారి చూసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

ఫ్లైట్ ఎక్కే వారం ముందు ప్రతి పెన్షన్ అకౌంట్‌లోకీ వెళ్లి అడ్రస్ ఊరిది పెట్టండి, మెయిల్ సొంతది పెట్టండి, ఫోన్ నంబర్ ఇండియాది తీసుకుంటే అదీ మార్చండి. గుంటూరు వెళ్లిపోయిన ఫ్రెండ్ ఒకడు మూడేళ్ల తర్వాత లాగిన్ అవ్వబోతే ఓటీపీ వాడి పాత యూకే నంబర్‌కి వెళ్తోంది, ఆ సిమ్ ఎప్పుడో డెడ్ అయ్యింది. తిరిగి లాగిన్ రావడానికి నోటరీ చేయించిన పాస్‌పోర్ట్ కాపీలు పంపి, అర్ధరాత్రుళ్లు మేలుకుని కాల్స్ చేసి, మొత్తం నాలుగు నెలలు పట్టింది.